కాళ్లు కప్పమన్నారు

ఇరవై ఏళ్లకు పైగా డ్రాయింగ్ చెప్తున్నాను. ఈ ఇరవై ఏళ్లలో నాకు అంటగట్టని పని లేదు. పంద్రాగస్టుకు ముగ్గుతో జెండా, ఇన్‌స్పెక్షన్ ఉందంటే గోడల మీద నెమళ్లు, కరస్పాండెంట్ గారి మనవరాలి పుట్టినరోజుకు థర్మాకోల్ మీద పేరు. డ్రాయింగ్ టీచరంటే బళ్లో ఖాళీగా ఉండే మనిషని అందరి లెక్క. గొణుక్కుంటూనే అన్నీ చేశాను. చెయ్యనని మొహం మీద చెప్పిన పని ఒక్కటే. ఆ బడిలోనే ఇంకా పనిచేస్తున్నాను కాబట్టి ఈ సంగతి కాస్త నెమ్మదిగా చెప్పాలని తెలిసినవాళ్లు హెచ్చరించారు. నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు.

మాది మోతె దగ్గర పల్లె. ఇప్పుడు అమ్మా నేనూ సూర్యాపేటలో ఉంటాం. పొద్దున్నే బస్సెక్కి కోదాడ పోతాను, సాయంత్రానికి తిరిగొస్తాను. మా బడి కరస్పాండెంట్‌ది మా పక్క ఊరే, తాతల నాటి నుంచి భూములున్న ఇల్లు. ఇప్పుడు వాళ్లకు కోదాడలో బడి ఉంది, హైవే పక్కన ఫంక్షన్ హాలు ఉంది. వయసులో ఉండగా మా అమ్మ వాళ్ల పొలాల్లో నాట్లు వేసింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. నేను దాచలేదు, ఆయన అడగలేదు, అంతే.

ఒక శనివారం మధ్యాహ్నం బడి అయిపోయాక ఆయన నన్ను ఫంక్షన్ హాలుకు రమ్మన్నారు. వెనక సామాన్ల గదిలో ప్లాస్టిక్ కుర్చీల పక్కన, పాత దుప్పటి చుట్టిన పెద్ద బొమ్మ ఒకటి గోడకు ఆనించి ఉంది. దుప్పటి ఆయనే తీశారు.

“మా అమ్మ బొమ్మ మేడమ్. నా చిన్నప్పుడు వేయించారంట. ఊళ్లో పాతిల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికింది. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి హాల్లోకి రాగానే ఎదురుగా కనపడేటట్టు పెట్టాలని ఉంది.”

బొమ్మ బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ప్లైవుడ్ మీద, దుకాణాల బోర్డులు రాసే రంగులతో వేసింది. పొలం గట్టు పక్కన ఒకావిడ నిలబడి ఉంది. మోకాళ్ల పైకి ఎగ్గట్టిన చీర, మోకాళ్ల దాకా బురద. ఒక చేతిలో నారు కట్ట. వెనక దూరంగా వంగిన వీపులు. ఆవిడ ఒక్కతే నిటారుగా ఉంది.

“బాగానే ఉంది గానీ, ఈ కాళ్లు చూడండి. మా అమ్మ ఏనాడూ ఇట్లా లేదు. ఆ పెయింటర్ ఎవడో గాని పిచ్చిగా వేశాడు. మీరు కొంచెం చీర కిందికి దించి పట్టు అంచు వేయండి. కాళ్లకు చెప్పులు పెట్టండి. చేతిలో ఆ గడ్డి తీసేసి పూలపళ్లెం పెడితే సరిపోతది. రంగులు తెప్పించి ఉంచాను.”

నారును గడ్డి అన్నందుకే నాకు సగం ఒళ్లు మండింది. అయినా ఆయన అడిగింది వింత కోరిక కాదు. మా వైపు పోయినవాళ్ల పటం కట్టించడమంటే అంతే. ఆధార్ కార్డు మీది ఫొటో ఇస్తే చాలు. జన్మలో పట్టుచీర ఎరగని ముసలామెకు స్టూడియో వాళ్లు పట్టుచీర కడతారు, మెడలో హారం వేస్తారు, వెనక గులాబీ తోట పెడతారు. పదో రోజుకు ఇంటికొచ్చిన చుట్టాలు ఆ పటం చూసి అచ్చం ఆమే కూర్చున్నట్టుందని ఏడుస్తారు. ఎవరికీ తప్పనిపించదు. నాకూ అనిపించేది కాదు. సరే సార్, సోమవారం చూస్తానని ఒప్పుకున్నాను కూడా.

ఫోనొస్తే ఆయన బయటికి వెళ్లారు. ఎక్కడ మొదలుపెట్టాలా అని బొమ్మ ముందు గొంతుక్కూర్చున్నాను. పిల్లలకు నేను మొదటి రోజు చెప్పే పాఠం ఒకటుంది. బొమ్మను ముఖం నుంచి చూడొద్దు, కింది నుంచి చూడండి, ముఖం మాయ చేస్తుంది అని. అలవాటు కొద్దీ కింది నుంచి చూశాను.

ఆ మనిషి నీడ కాళ్ల కిందే ముద్దగా పడి ఉంది. అంటే నడినెత్తి మీద ఎండ. ముఖం మీద మాత్రం వెలుతురు ఒక పక్క నుంచి పడి, ముక్కు నీడ చెంప మీదికి పోయింది. అది గదిలోనో వసారాలోనో కూర్చున్నవాళ్ల మీద పడే వెలుతురు. మెడ దగ్గర చూస్తే ముఖం రంగు ఒకటి, భుజాల రంగు ఒకటి. ఆ రెండూ కలిసే చోట అడ్డంగా లావుపాటి బంగారు కంటె వేసి అతుకు కప్పేశాడు పెయింటర్. దొంగ దొరికాడని నవ్వుకున్నాను.

తర్వాత చేతులు చూశాను. నవ్వు ఆగిపోయింది.

నాటు వేసేవాళ్లు ఎడమ చేత్తో నారు పట్టుకుని కుడిచేత్తో నాటుతారు. కుడిచేతికి మోచేతి దాకా బురదవుతుంది. ఈ బొమ్మలో నారు కట్ట కుడిచేతిలో ఉంది. బురద ఎడమ మోచేతి దాకా ఉంది. మా అమ్మది ఎడమచేతి వాటం. వరసలో పక్కనున్న వాళ్ల మోచేతులకు ఆమె మోచేయి తగిలి ఎప్పుడూ తిట్లే. అందుకే ముఠా వాళ్లు ఆమెను గట్టు వైపు చివరన పెట్టేవాళ్లు. చిన్నప్పుడు నేను గట్టు మీద కూర్చుంటే నాకు అందరికన్నా దగ్గరగా కనపడేది అమ్మే. ఇప్పుడు ఆ కాళ్ల వంక చూశాను. ఎడమ పాదం బురదలోంచి తీసి గట్టు అంచు మీద పెట్టి ఉంది. పక్కవేలి మీదికి ఎక్కి కూర్చునే మా అమ్మ ఎడమకాలి చిటికెన వేలు, ఆ వేలితో సహా వేశాడు మహానుభావుడు.

ముఖం దొరసానిది. మిగిలిందంతా మా అమ్మ.

రంగు డబ్బాలు మూత కూడా తీయకుండా బస్సెక్కాను. దారి పొడుగునా నా బుర్ర ఊరుకోలేదు. అందరూ వంగి ఉంటే ఆమె ఒక్కతే ఎందుకు నిలబడింది? పనులు చూసే పెద్ద జీతగాడు ఎవరో పిల్లను కూడని మాట అని ఉంటాడు, అమ్మ ఎదురు తిరిగి ఉంటుంది. బస్సు మునగాల దాటేసరికి మా అమ్మ చేత పెద్ద సమ్మే చేయించాను. సూర్యాపేటలో దిగేటప్పటికి నా కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

ఇంటికొస్తే ఆమె గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పొలంలో ఎవరైనా నీ బొమ్మ గీశారా అని అడిగాను.

“నన్నా? నన్నెవరు గీస్తరు? ఒకాయన మాత్రం వచ్చిండు, దొరసాని బొమ్మ ఏయనీకి. గొడుగేసుకొని గట్టు మీద కూసున్నడు రెండు దినాలు.”

బొమ్మ ఎట్లా ఉందో అంతా చెప్పాను. వింటూ వింటూ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

“అందరు వంగి ఉంటే నువ్వెందుకు నిలవడ్డవమ్మా?” అన్నాను. నా సమ్మె కథకు ఆమె నోటి నుంచి సాక్ష్యం కావాలి.

“నడుం నొప్పి లేసింది బిడ్డా. నిలవడ్డ. నిలవడొద్దా?”

“అంతేనా?”

“ఇంకేముంటది? నడుం లేదా నాకు?”

నా సమ్మె అక్కడే చల్లారిపోయింది. కాస్త చిన్నబుచ్చుకున్నాను, నిజం చెప్పాలి. తర్వాత కరస్పాండెంట్ ఏం చేయమన్నారో చెప్పాను. ముందు పగలబడి నవ్వింది.

“నా మీద ఆమె ముఖమా? అట్లయితే మెడకాడికి కోసి తలకాయ వాళ్లకియ్యి, తక్కిందంత ఇంటికి తే.”

నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ కొంగు అట్లాగే పట్టుకుని కూర్చుంది. కాసేపటికి తన కాళ్ల వంక చూసుకుంది. మోకాళ్లు అరిగిపోయి, ఇప్పుడు గోడ పట్టుకోనిదే లేవలేదు.

“కాళ్లెందుకు కప్పుడు? కాళ్లేం తప్పు చేసినయ్?” అంది.

సోమవారం ఆ బొమ్మ మీద బ్రష్ పెట్టేది లేదని అప్పుడే తీర్మానించుకున్నాను. కానీ ఊరికే నావల్ల కాదంటే ఆయన ఇంకొకళ్లను పిలిపిస్తారు. ఆ కాళ్లు ఆమెవేనని తేల్చి చెప్పేవాళ్లు కావాలి. బొమ్మ మూలన పెయింటర్ సంతకం, దాని కింద మిర్యాలగూడ అని ఊరి పేరు ఉన్నాయి. తెల్లారితే ఆదివారం. మిర్యాలగూడ బస్సెక్కాను.

అక్కడ బోర్డులు రాసేవాళ్లను అడిగితే మూడో దుకాణంలోనే జాడ దొరికింది. ఆ ముసలి పెయింటర్ దగ్గర పని నేర్చుకోనివాళ్లు ఊళ్లో తక్కువట. రైసుమిల్లుల వెనక వీధిలో చిన్న ఇల్లు. తలుపు మీద, కిటికీ మీద, ఆయన చొక్కా మీద కూడా సన్నటి ఊక దుమ్ము. చూపు బాగా తగ్గింది. బొమ్మ సంగతి ఎత్తగానే మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు.

“ఇంక ఉందా అది? కాలవెట్టిండ్రేమో అనుకున్న.”

ఎట్లా వేశారని అడిగాను.

“దొరసాని పెనిమిటి, పెద్దాయనకు బొమ్మలోపట పొలం గావాలె. ఎనక తన భూమి కనవడాలె. మరి ఆమెను పొలంకాడికి పంపియ్యిమంటే మా ఇంటి ఆడోళ్లు ఎండలకు రారన్నడు. వసారల కుర్చీల కూసోవెట్టి ముఖం గీసుకున్న. నిలవడ్డ మనిషి కోసం నాట్ల కాడికి పోయిన. మా పనిల అంతే బిడ్డా, ముఖం ఒకలది, ఒళ్లు ఒకలది. ఎంతమందికి ఏసిన్నో.”

“గట్టు పక్కన నిలబడ్డామె మా అమ్మ.”

ఆయన నా గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.

“ఆమె నడుం పట్టుకొని లేసి నిలవడ్డది. పెద్ద జీతగాడు వంగుమని ఒర్లిండు. వంగలె. మల్ల ఒర్లిండు. ‘వంగేటప్పుడు వంగుత’ అన్నది. గంతే. లొల్లి లేదు, ఏం లేదు. ఇంతల ఆమె పక్కామె లేసింది. ఆ పక్కామె లేసింది. కొస దాకా మొత్తం లేసి నిలవడ్డరు. వాడు ఇగ ఏమంటడు, పొయ్యి చెట్టు కింద కూసున్నడు. నేను చెయ్యాపకుంట గీసిన.”

“మరి బొమ్మలో మిగిలినవాళ్లు వంగే ఉన్నారు కదా?”

“అందరిని నిలవెడితే పెద్దాయన ఊకుంటడా?” అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. “అదే నా పిరికితనం. కాళ్లు మాత్రం మార్చలె. చెప్పులేసి, పట్టు అంచేసి సూసిన. మనిషి పడిపోతున్నట్టే కనవడ్డది. బురదల దిగి నిలవడ్డ మనిషాయె. తుడిచేసి ఉన్నదున్నట్టు ఏసిన. అందుకే పెద్దాయన దాన్ని గోడకెక్కియ్యలె, అటకెక్కిచ్చిండు.”

కోదాడ వచ్చి ఈ మాట చెప్పమని బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. బస్సు మెట్లు కనపడవట. పైగా చెప్పాల్సిందంతా బొమ్మలోనే ఉందన్నాడు. నువ్వు చూశావు కదా, చూసిందే చెప్పు అన్నాడు. లేచి వస్తుంటే అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను.

ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను. పదిమంది నిలబడితే నాకెందుకు చెప్పలేదు అని.

“చెప్పనీకి ఏముంది? నడుములు అందరికి ఉంటయి గద,” అంది.

నేను బస్సులో అల్లిన సమ్మె కంటే ఇదే పెద్దదని అప్పుడు అర్థమైంది. నడుం నిలబెట్టుకోవడానికి ఆమెకు వేరే కారణం అక్కర్లేదు. నాకే కావలసి వచ్చింది. కూలి మనిషి నిలబడిందంటే ఎవరి కోసమో, ఏ అన్యాయానికో అయి ఉండాలని అనుకున్నాను. దొరసాని నిలబడి ఉంటే అట్లా అనుకునేదాన్నా?

సోమవారం నేను చీర కట్టుకుంటుంటే ఆమె కూడా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“నేనొస్త. నా కాళ్లను నేను సూసుకోవద్దా?”

బడి అయ్యేదాకా ఆమెను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, సాయంత్రం హాలుకు తీసుకుపోయాను. కరస్పాండెంట్ అప్పటికే సామాన్ల గదిలో ఉన్నారు. రంగు డబ్బాలు, కొత్త బ్రష్‌లు బల్ల మీద వరసగా పెట్టించారు. అమ్మను చూసి, ఎవరో నా చుట్టమనుకుని, కుర్చీ వేయించారు. ఆమె కూర్చోలేదు. నేరుగా బొమ్మ దగ్గరికి పోయి, ఆ ఎడమకాలి వేలును తన వేలితో ముట్టుకుంది.

“మా అమ్మ సార్. ఈ బొమ్మలో ఉన్నది కూడా ఆమే. ముఖం ఒక్కటే మీ అమ్మగారిది,” అన్నాను.

నీడ చూపించాను. మెడ దగ్గర అతుకు చూపించాను. నారు ఏ చేతిలో ఉందో, బురద ఏ చేతికి ఉందో చూపించాను. పెయింటర్ చెప్పింది చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడుతూ వచ్చింది.

“మేడమ్, మా అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. ఆమె ఫొటోలు దిగేది కాదు. దిగనిచ్చేవాళ్లు కాదు. ఆ వయసులో ఆమె ముఖం నాకు దొరికింది ఇదొక్కటే. ఇప్పుడొచ్చి ఇది మీ అమ్మ అంటారేంటి?”

ఆయన బాధ అబద్ధం కాదు. నాకు ఆయన మీద జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన బ్రష్ పట్టబుద్ధి కాలేదు.

“ముఖం మీ అమ్మగారిదే సార్, కాదనట్లేదు. కాళ్లు కప్పమంటేనే నావల్ల కాదు.”

“మీరు కాకపోతే ఇంకొకళ్లు వేస్తారు. డ్రాయింగ్ చెప్పడానిక్కూడా ఇంకొకళ్లు దొరుకుతారు.”

“దొరుకుతారేమో. ఈ కాళ్ల మీద మాత్రం నా చేత్తో రంగు పడదు.”

అప్పటిదాకా బొమ్మనే చూస్తున్న అమ్మ ఇటు తిరిగింది.

“కప్పు పటేలా. నీ బొమ్మ, నీ ఇష్టం. కాళ్లు తీసేసినంక మీ అమ్మ దేని మీద నిలవడ్తదో అది జర చెప్పు.”

ఆయన కోపంగానో విసుగుగానో, “అయితే మీరే తీసుకుపోండి పెద్దమ్మా. ముఖం మీ అమ్మాయి మార్చుకుంటది. నాకొద్దు ఇది,” అన్నారు.

ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. ఆ ముఖం తుడిచేసి అమ్మ ముఖం వేయాలని నా చేతులు దురద పెట్టాయి. అమ్మ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

“ముఖమెందుకు మార్సుడు? మీ అమ్మ అరుగు దిగకపోతుండె. ఒకనాడు మంచినీళ్లకని మీ వాకిట్లకు వస్తే, నా కాళ్లు సూసి మెల్లగ అడిగింది, బురద సల్లగుంటదా అని. సల్లగుంటది దొరసాని, వచ్చి దిగి సూడమన్న. అటు ఇటు సూసి నవ్వింది. రాలె. రానియ్యలె. ఇగో, గిట్లనన్న వచ్చి నిలవడ్డది. మల్ల ఎందుకు ఇంట్లకు తోలుతవ్? ఉండనియ్యి.”

“అమ్మ అడిగిందా అట్లా?”

“అడిగింది బిడ్డా.”

అమ్మ కోసం వేయించిన కుర్చీలో ఆయన కూర్చుండిపోయారు. బొమ్మలో ముఖం చూసి, మెల్లగా కిందికి, కాళ్ల దాకా చూశారు. ఇక ఆయన అనుమతి అడగదలచుకోలేదు నేను. బల్ల మీది నల్ల రంగు డబ్బా మూత తీసి, అన్నిటికన్నా సన్నటి బ్రష్ తీసుకుని, పెయింటర్ సంతకం పక్కన కూర్చున్నాను. ఆయన లేచి నా చెయ్యి పట్టుకోవచ్చు. పట్టుకోలేదు.

అమ్మకు చదువు రాదు. నా భుజం మీదుగా వంగి చూసింది.

“ఏం రాస్తున్నవ్?”

“నీ పేరు.”

“గింత సిన్నగనా? ఎవలకు కనవడ్తది?”

గుడ్డతో తుడిచేశాను. లావు బ్రష్ తీసుకుని, కాళ్ల పక్కన గట్టు పొడుగునా, ఒక్కో అక్షరం జానెడు ఎత్తున రాశాను.